ఒక్క మనిషికి అయిదు చావులు

అక్కకి తమ్ముడంటే అసహ్యం. ఆ సంగతి ఆమె దాచుకోనూ లేదు, దానికి సిగ్గుపడనూ లేదు. రేవు పక్క వీధిలో ఎవరినడిగినా చెబుతారు. వీధివాళ్ళు కమాండరని పిలిచే ఆ తమ్ముడు ఎదురొస్తుంటే అక్క రోడ్డు దాటి అవతలి పక్కకి పోతుంది, అవతలి పక్క చీలమండ లోతు బురదున్నా సరే.

కమాండరంటే నిజంగా కమాండరేం కాదు. సరుకుల ఓడలో కళాసీ. డెక్కు కడగడం, తాళ్ళు లాగడం, తుప్పు గీకడం, ఇంతే వాడి ఉద్యోగం. యుద్ధం నుంచి తిరిగొచ్చాక నడకలో ఒక బిగువు, గొంతులో ఒక బరువు తెచ్చుకున్నాడు కాబట్టి వీధివాళ్ళు వెటకారానికి ఆ పేరు పెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ వెటకారం అరిగిపోయింది, పేరు మిగిలింది. తర్వాత పుట్టినవాళ్ళు అదేదో నిజమైన హోదా అనుకుని, వాడు వస్తుంటే లేచి నిలబడేవాళ్ళు. వాడు కూడా పెద్ద దయ తలిచినట్టు, కూర్చోండి కూర్చోండని చెయ్యి ఊపేవాడు. అది కంటపడిన రోజున అక్క షెడ్డులో ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు.

షెడ్డంటే రేవులో టార్పాలిన్లు కుట్టే షెడ్డు. ఓడ డెక్కులో సరుకు దించడానికుండే పెద్ద నోళ్ళ మీద వాన పడకుండా కప్పే బరువైన గుడ్డలు అక్కడ తయారవుతాయి. అరచేతికి తోలు పట్టీ వేసుకుని, వేలెడు పొడుగు సూదితో, మైనం పట్టించిన దారంతో కుట్టాలి. అక్క ఆ పని మొగుడు పోయిన ఏడాది మొదలుపెట్టింది. గట్టి గుడ్డ కుట్టీ కుట్టీ ఆవిడ నోరు కూడా గట్టిపడిందని మేస్త్రీ అనేవాడు. మేస్త్రీకి తెలియక అన్నాడు. ఆ నోరు ముందునుంచీ గట్టిదే.

తమ్ముడు చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదు. వట్టి కోతి. ఆరేసిన చొక్కాల చేతులు కుట్టేసేవాడు. టీలో పంచదారకి బదులు ఉప్పు కలిపి, తాగేవాళ్ళ మొహాల్లోకి గుడ్లప్పగించి చూసేవాడు. రాని చుట్టాలు వచ్చారని చెప్పి వాళ్ళమ్మని తడి చేతులతో వీధిలోకి పరిగెత్తించేవాడు. తిట్టినా నవ్వే, కొట్టినా నవ్వే. అలాంటివాడికి అక్క పెళ్ళితో బావ దొరికాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఆ బావ ఇళ్ళకి రంగులేసేవాడు. వీధంతా రంగుల బావ అనేది. వయసులో పెద్దవాళ్ళు కూడా బావా అనే పిలిచేవాళ్ళు, మనిషి అంత మెత్తన. గోళ్ళ చివర్ల ఏ వారం ఏ ఇంటి పనో తెలిసేలా ఒక రంగు ఉండేది. ఆయనకి లోకంలో ఇష్టమైనవి రెండే, ఒకటి కొత్త గోడ, రెండు నిద్ర. నిచ్చెన మీద నిలబడే కునుకు తీయగలడు. బావమరిది ఆయన నిచ్చెన కదిలించేవాడు, చెప్పులు దాచేవాడు, నిద్రపోతుంటే ముక్కు మీద పసుపు రంగు పూసేవాడు. ఆయన లేచి మొహం కడుక్కుని, మర్నాడు వాడి దువ్వెనకి వార్నిష్ రాసేవాడు. బావా బామ్మర్దుల సరసం మధ్యలో మనకెందుకని అక్క ఊరుకునేది. ఊరుకోవడం తన తప్పేనని తర్వాత అనుకుంది కానీ, అప్పటికి చాలా ఆలస్యమైంది.

ఎందుకంటే ఆయన్ని ఓడెక్కించింది కూడా వాడే. అప్పటికి రెండు ప్రయాణాలు చేసొచ్చి, గడప మీద కూర్చుని కాళ్ళూపుతూ అన్నాడు.

"ఈ ఊళ్ళో గోడలెన్నుంటాయి బావా? ఓడకున్నంత గోడ ఎక్కడైనా చూశావా? ఈ చివర మొదలెట్టి ఆ చివరకొచ్చేసరికి ఈ చివర మళ్ళీ తుప్పు పట్టి ఉంటుంది. జన్మంతా పూసుకో."

అక్క వద్దంది. బిడ్డ ఇంకా పాకుతున్నాడంది. బయట యుద్ధం వస్తుందంటున్నారంది. రంగుల బావ మాత్రం ఆ అంతులేని గోడ గురించే ఆలోచించాడు. వెళ్ళాడు. ఒకే ఓడలో బావా, బావమరిదీ. ఒకసారి వచ్చి వెళ్ళారు. రెండోసారి యుద్ధం మధ్యలో ఓడ పోయిందని కంపెనీ ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. కొన్ని నెలలకి తమ్ముడొక్కడే వచ్చాడు, ఎవరిదో కోటు తొడుక్కుని. చేతులు కోటు లోపలే ఉండిపోయాయి, వేళ్ళ చివర్లు కూడా బయటికి కనపడలేదు.

అత్తగారు వాడి ముందు చతికిలబడి, నా కొడుకు ఎలా పోయాడురా అని అడిగింది. వాడు కాసేపు నేల చూశాడు. తర్వాత, అందర్నీ పడవ ఎక్కించి తను మిగిలిపోయాడన్నాడు. ఆ మాట విని ముసలామె ఏడుస్తూనే వెన్ను నిటారు చేసుకుని కూర్చుంది. పోయినందుకు ఏడుపు, పోయిన తీరుకి గర్వం, రెండూ ఒకే మొహంలో. ఆ పూట అక్క కూడా నమ్మింది. నమ్మి, తమ్ముడికి అన్నం పెట్టింది. తర్వాత ఆ అన్నం తలుచుకుని చాలాసార్లు పళ్ళు కొరుక్కుంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తమ్ముడికి ఆ పాటి శ్రద్ధ కూడా లేదు. నెల తిరక్కుండానే పెదనాన్న ఇంట్లో చెప్పిన కథలో బావ కెప్టెన్ను భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాడు. కెప్టెను మూడు బస్తాల మనిషని వాడే అంతకు ముందు చెప్పాడు. రంగుల బావ రంగు డబ్బా మోసినా ఆయాసపడే రకం. మరుసటి ఏడు ఎవరి పెళ్ళిలోనో, ఓడలో పెంచుకున్న పిల్లి కోసం వెనక్కి వెళ్ళాడన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పిల్లులంటే ఆయనకి తుమ్ములొస్తాయని అక్కకి తెలుసు. ఇంకోసారి సముద్రంలో దూకి ఎవరినో ఒడ్డుకి, అంటే పడవ దగ్గరికి, ఈడ్చుకొచ్చాడు. మనిషికి ఈత రాదు. తొట్టిలో నీళ్ళు ఎక్కువైతేనే బెంబేలుపడేవాడు.

ఇవన్నీ విన్నవాళ్ళకి తెలియదా? తెలుసు. గోరంత కొండంతవుతోందని అందరికీ తెలుసు. కానీ చుట్టాల్లో ఒక వీరుడుంటే ఎవరికి చేదు? పెదనాన్న తన ఇద్దరు కూతుళ్ళ సంబంధాల్లో ఆ కెప్టెన్ను వాడుకున్నాడు. పిన్ని కొడుకు ఉద్యోగానికెళ్ళినప్పుడు ఆ పిల్లిని వాడుకున్నాడు. అక్క ఒక్కతే ఆ బంధువుల గుంపును, వాళ్ళ మధ్య గొంతు సవరించుకుంటున్న తమ్ముణ్ణి చూసి, తన మొగుణ్ణి వీళ్ళందరూ తలా ఒక ముక్కా పంచుకు తింటున్నారనుకునేది.

వాడు ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు ఓడల్లో తిరిగాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే సముద్రం వైపు చూసేవాడు. ఆ చూపుకి అర్థం ఉందని కొందరనుకున్నారు. అక్క అభిప్రాయంలో అటువైపు చూస్తే జవాబు చెప్పక్కర్లేదు, అంతే. ప్రతిసారీ మేనల్లుడికి ఏదో ఒకటి తెచ్చేవాడు, బూట్లు, బొమ్మ ఓడ, దేశాల పటం. పిల్లాడు మామయ్య మామయ్య అంటూ వాడి మోకాలు వదిలేవాడు కాదు. అన్నిటికంటే విచిత్రం, ఆ కోతి నవ్వడం మానేసింది. ఒక వేళాకోళం లేదు, ఒక చిలిపి పని లేదు. ఎవరైనా హాస్యమాడితే లేచి వెళ్ళిపోయేవాడు. పెద్దమనుషులు నవ్వరని ఎవరో చెప్పి ఉంటారని అక్క ఈసడించింది. వేషం వేశాక పూర్తిగా వేయాలి కదా.

వయసు మీదపడ్డాక కమాండరుగారికి దొరికిన పదవి గోడౌను కాపలా. అక్కడ కుర్చీ వేసుకుని, లారీ డ్రైవర్లకి, స్కూలు పిల్లలకి అవే చావులు చెప్పేవాడు. మాటలు కోటలు దాటేవి. మనిషి మాత్రం సాయంత్రం అయిదింటికే గదికి చేరేవాడు.

ఇలా ఉండగా రేవు నావికుల సంఘానికి కొత్త భవనం వచ్చింది. దాని ముందు గోడకి ఒక నల్లరాతి పలక, దాని మీద యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు. కొందరి పేర్ల కింద వాళ్ళ ఆఖరి మాట కూడా చెక్కాలని కార్యదర్శికి బుద్ధి పుట్టింది. అక్క కొడుకు అప్పటికి రేవు సరుకుల ఆఫీసులో గుమస్తా, ఆ కమిటీలో సభ్యుడు. ఒక సాయంత్రం మెరిసే మొహంతో ఇంటికొచ్చి తల్లికి చదివి వినిపించాడు.

"'నా కర్తవ్యం నేను నెరవేర్చాను. మీరు ప్రాణాలు దక్కించుకోండి.' నాన్న పేరు కింద ఇది వస్తుందమ్మా. మామయ్య చెప్పాడు."

అయిదో చావు. అక్క చేతిలో పళ్ళెం కింద పెట్టింది.

"కర్తవ్యమా? మీ నాన్నా?"

"అవును."

"మీ నాన్న నోట్లో అంత పెద్ద మాట పట్టదు రా. ఆయన జన్మలో ఎవరినీ దక్కించుకోండి అనలేదు. కూర దాచుకోండి, రేపు తిందాం అనేవాడు."

కొడుకు మొహం ముడుచుకుంది. "నీకు మామయ్యంటే పడదు. దానికి నాన్న పేరు కూడా పాడు చేస్తావా?"

ఆ మాట సూటిగా తగిలింది. అక్క ఆ రాత్రి భోజనం దగ్గర ఒక ప్రయత్నం చేసింది. మొగుడి గొంతు గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. రాలేదు. మొహం వచ్చింది, గోళ్ళ రంగు వచ్చింది, గొంతు మాత్రం రాలేదు. వచ్చిందల్లా తమ్ముడి గొంతే, ఇన్నేళ్ళుగా ఆయన తరఫున మాట్లాడుతూ వచ్చిన ఆ బరువు గొంతు. ఆమెకి భయం వేసింది. ఇప్పుడు ఆ మాట రాతి మీదికెక్కితే ఆయన ఇంక ఎప్పటికీ ఆ గొంతుతోనే మాట్లాడతాడు. తను పోయాక కొడుకు, వాడి పిల్లలు అదే చదువుకుంటారు. నిజంగా ఆయనేమన్నాడో ఆ వెధవకి తెలుసు. వాడి నోట్లోంచి దాన్ని లాగాలి, రాయి చెక్కేలోపు.

మర్నాడు షెడ్డులో మధ్యాహ్నం పని ఆపేసి, అరచేతి పట్టీ విప్పకుండానే వెళ్ళింది. వాడి గది గోడౌన్ల వెనక, మేడ మీద. అక్క ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. తలుపు తీసే ఉంది. గదిలో పక్కకి తిరిగితే పడిపోయేంత సన్నటి మంచం. ట్రంకు పెట్టెని మంచం కోడుకి తాడేసి కట్టాడు. గ్లాసు, కెటిలు, గొడుగు, అన్నీ గోడకి మేకులకి వేలాడుతున్నాయి. నేల మీద ఏ వస్తువూ లేదు. ఇల్లు ఇంకా ఊగుతోందనుకుంటున్నాడు కాబోలు.

"రా అక్కా," అన్నాడు కమాండరు గొంతుతో.

"ఆ గొంతు తీసి అదిగో, ఆ మేక్కి తగిలించు. నేను మాట్లాడాలి."

వాడు మంచం మీద కూర్చున్నాడు. ఆమె ట్రంకు పెట్టె మీద కూర్చుంది.

"రాతి పలక సంగతి తెలుసుగా?"

"తెలుసు. బాగా రాశారు."

"రాశారేంటి, రాయించింది నువ్వు. కర్తవ్యం అన్నాడా ఆయన?"

"భావం అదేలే అక్కా."

"భావం నాకెందుకు? మాట కావాలి." ఆమె ముందుకి వంగింది. "నీ నోట్లో ఆయన అయిదుసార్లు చచ్చాడు రా. ఒక మనిషికి ఒక చావు చాలదా? పిల్లి కోసం చంపావు, కెప్టెను కోసం చంపావు, ఈత రాని మనిషిని ఈదించి మరీ చంపావు. నేను ఎప్పుడైనా నోరెత్తానా? నీ నోరైతే రేపు ఇంకోటి చెబుతుంది. రాయి అలా కాదు, చెక్కిందే చెబుతుంది. చెప్పు. ఆఖరికి ఆయన ఏమన్నాడు?"

వాడు అలవాటు కొద్దీ కిటికీ వైపు తిరిగాడు. కిటికీలోంచి కనిపించేది సముద్రం కాదు, గోడౌను రేకులు. చాలాసేపు ఆ రేకుల్నే చూశాడు.

"ఎలా పోయాడని అందరూ అడిగారు," అన్నాడు. "ఏమన్నాడని ఎవరూ అడగలేదు."

ఆ గొంతు వేరు. కోటులో చేతులు దాచుకుని వచ్చిన రోజున కూడా ఆ గొంతు రాలేదు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి తలుపు వెనక నిలబడ్డప్పుడు వచ్చేది.

"బావ పొద్దున్నంతా పని చేసి, తిని, కింద గదిలో పడుకున్నాడు. ఆయన్ని లేపడం నాకు ఆట కదా అక్కా. వెళ్ళి కుదిపి, ఓడ మునుగుతోంది బావా, లే, అనేవాణ్ణి. మొదటిసారి లోపలి బట్టలతో, మెళ్ళో లైఫు జాకెట్టుతో డెక్కు మీదికి పరిగెత్తుకొచ్చాడు. అందరం పడి పడి నవ్వాం. రెండోసారీ వచ్చాడు. తర్వాత్తర్వాత రావడం మానేశాడు, కళ్ళు మూసుకునే తిట్టేవాడు. నేను మాత్రం మానలేదు."

ముందు ఏం రాబోతోందో అక్కకి తెలిసిపోయింది. అయినా వినాలి.

"ఆ రోజు నిజంగానే ఓడ నీళ్ళలో పెట్టిన మందుపాతరకి తగిలింది. పెద్ద చప్పుడేం కాదు. జలాంతర్గాముల కోసం చుట్టుపక్కల ఓడల వాళ్ళు నీళ్ళలో పేల్చే మందుతో రోజూ అలాంటి చప్పుళ్ళే. నిద్రపోయేవాడు లేచేంతది కాదు. పడవల్లోకి దిగమన్నారు. నేను కిందకి పరిగెత్తాను. కుదిపాను. ఓడ మునుగుతోంది బావా, లే, అన్నాను. ఇంకెలా చెప్పాలి అక్కా? వేరే మాటలేం ఉన్నాయి దానికి?"

"ఏమన్నాడు?"

"ఒక కన్ను తెరిచాడు." వాడు మోకాళ్ళ మధ్యకి చూస్తూ చెప్పాడు. "'మునిగాక లేపు రా' అన్నాడు."

అక్క చేతి పట్టీని బిగించుకుంది.

"నాకు నవ్వొచ్చింది," అన్నాడు వాడు. "ఆ స్థితిలో. ప్రాణభయం ఉంది, అయినా ఫక్కున నవ్వొచ్చింది. నా నవ్వు చూశాడు. ఇంక అది వేళాకోళమేనని ఖాయం చేసుకుని అటు తిరిగి పడుకున్నాడు. లాగాను, రాలేదు. మనిషి బరువు నీకు తెలుసుగా. ఇంకొకణ్ణి సాయం తెచ్చుకుందామని పైకెక్కాను. ఎక్కేసరికి ఓడ పక్కకి ఒరిగింది. ఆ మెట్లు నీళ్ళలోకి పోయాయి."

"సాయానికి ఎక్కావా, పారిపోవడానికా?"

"ఎక్కేటప్పుడు సాయానికే. పైకొచ్చాక తెలీదు."

అక్కకి అది నిజమని ఆ క్షణంలోనే తెలుసు. రుజువు అక్కర్లేదు. మునిగాక లేపు అనే మాట కల్పించడానికి తమ్ముడికి తెలివి చాలదు. అది ఆయన మాటే. నిద్ర మత్తులో, బుగ్గ దిండుకి నొక్కుకుని, సగం పెదాలతో అనే మాట. అన్నేళ్ళుగా దొరకని గొంతు ఆమె చెవిలో ఒక్కసారిగా వినపడింది. దానితో పాటే, ఓడలోని ఆ ఇరుకు పక్క మీద పడుకుని ఆయన అటు తిరగడం కూడా కనపడింది. ఎదురుగా కూర్చున్నవాణ్ణి చెంపలు వాయించాలనిపించింది. అలా చేయడానికి చెయ్యి లేపింది కూడా. చేతికి తోలు పట్టీ ఉంది, సూది గుచ్చుకోకుండా కట్టే ఇనప బిళ్ళతో సహా. దించేసింది.

"నవ్వావు," అంది.

"నవ్వాను."

"నవ్వి చంపావు. చంపి, నిజం చెప్పే ధైర్యం లేక ఆయనకి వేషాలు కట్టావు. మా అత్త ఏడుస్తోందని ఒకటి చెప్పావే, దాన్ని నేను అర్థం చేసుకోగలను. మిగతా నాలుగూ ఎవరేడుస్తున్నారని?"

తల దించుకున్న ఆ కమాండరు, వీపు వంగిన ముసలి కాపలావాడు తప్ప మరేమీ కాదు. అక్క ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించలేదు. ఆయన చావు వీడు దాచాడు, సరే. కానీ ఆయన హాస్యం కూడా దాచాడు. భార్యకి, కొడుక్కి చెందవలసిన ఆ ఒక్క ముక్కని ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకుని తిరిగాడు. వాడు నవ్విన ఆ నవ్వుని చచ్చేదాకా క్షమించకూడదని ఆమె ఆ ట్రంకు పెట్టె మీదే తీర్మానం చేసుకుంది.

"ఆదివారం ఇంటికి రా," అని లేచింది. "ఇప్పుడు నాకు చెప్పిందే నా కొడుక్కి చెప్పు. నీ నోటితో."

"వాడు నన్ను..."

"వాడు నిన్నేమంటాడో నాకు తెలీదు. రా."

అక్కణ్ణుంచి తిన్నగా సంఘం ఆఫీసుకి వెళ్ళింది. కార్యదర్శి కొత్త బల్ల ముందు, కొత్త కుర్చీలో, కొత్త చొక్కాతో ఉన్నాడు. జీవితంలో పడవ కూడా ఎక్కని మనిషి, నావికుల మీద ఎంతో ప్రేమ.

"ఆ ఆఖరి మాట తీసేయండి," అంది అక్క. "పేరు రాయండి. రంగులేసేవాడు అని రాయండి. చాలు."

"అమ్మా, అంత గొప్ప వాక్యం..."

"గొప్పదే. మీరు వాడుకోండి, మీరు పోయినప్పుడు."

కార్యదర్శి నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ అనుకుంది అక్క. పోనీ అసలేమన్నారో చెప్పండి, అదే చెక్కిద్దాం అన్నాడతను. ఆమె ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించింది. ప్రారంభోత్సవం రోజున, పూలదండల మధ్య, ఈ మనిషి గొంతు సవరించుకుని, మునిగాక లేపు రా, అని చదవడం ఊహించుకుంది. వీళ్ళకెందుకు అది. వీళ్ళకి కర్తవ్యాలు చాలు.

"అసలు మాట ఇంట్లోది," అని చెప్పి వచ్చేసింది.

కొడుకు రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. పలక మీద మాట తీయించిందని కమిటీ ద్వారా తెలిసింది. కంచం ముందు కూర్చుని కూడా గోడవైపే చూసేవాడు. అక్క సర్దిచెప్పలేదు. చెప్పాల్సినవాడు ఆదివారం వస్తాడు.

వచ్చాడు. ఎప్పటి ఇస్త్రీ చొక్కా లేదు, ఇంట్లో తొడుక్కునే వెలిసిన చొక్కాతోనే వచ్చాడు. మేనల్లుడు అలవాటుగా లేచి కుర్చీ ఇచ్చాడు. వాడు కూర్చోలేదు. నిలబడే, అక్కకి చెప్పిన మాటలే, అదే వరసలో చెప్పాడు. వేళాకోళాలు చెప్పాడు. లైఫు జాకెట్టు చెప్పాడు. మందుపాతర చెప్పాడు. కొడుకు మొహం రాయిలా బిగుసుకుపోవడం అక్క పక్కనుంచి చూస్తోంది. చిన్నప్పటినుంచి కట్టుకున్న తండ్రి ఒక్కో ఇటుకా ఊడిపోతున్నాడు, ఊడదీస్తున్నది వాడు మోకాలు వదలని మామయ్యే. కొడుకు తట్టుకోలేడేమోనని మొదటిసారి ఆమెకి అనుమానం వచ్చింది.

"కుదిపి లేపాను," అన్నాడు తమ్ముడు. "ఒక కన్ను తెరిచి, 'మునిగాక లేపు రా' అన్నాడు."

కొడుకు ఫక్కున నవ్వాడు.

ఆపుకోలేక వచ్చిన నవ్వు. వచ్చిన వెంటనే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తప్పు చేసినవాడిలా తల్లి వంక చూశాడు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. తన నేరాన్ని మేనల్లుడు ఎదురుగా నిలబడి మళ్ళీ చేసినట్టు చూస్తున్నాడు.

అక్క ఇద్దర్నీ చూసింది. తండ్రి మాట ఒక్కటి కూడా ఎరగని పిల్లాడు, తండ్రి అన్న మొదటి మాట విని నవ్వాడు. నవ్వు పిలిస్తే వచ్చేదీ కాదు, వద్దంటే ఆగేదీ కాదు. తమ్ముడి నవ్వుని చచ్చేదాకా క్షమించకూడదనుకుంది. మరి కొడుకునేం చేయాలి? ఆమెకి ఆ లెక్క తేలలేదు. తమ్ముడి మీద అసహ్యం పోయిందా అంటే, పోలేదు. అయిదు చావుల సంగతి అలాగే ఉంది. కానీ వాడి నోట్లో ఇంకా తన మొగుడున్నాడు. అది మాత్రం స్పష్టంగా తెలిసింది. వాడు పోతే ఆయన కూడా పూర్తిగా పోతాడు.

"కూర్చో," అంది తమ్ముడితో.

వాడు కుర్చీ అంచున కూర్చున్నాడు. "నన్ను క్షమించావా అక్కా?"

"లేదు. ఆ సంగతి అడక్కు. ఓడలో ఆయన ఇంకా ఏమేం అనేవాడో చెప్పు. ఒక్క ముక్క కల్పించావంటే ఈ గడప తొక్కనివ్వను."

తమ్ముడు చాలాసేపు వేళ్ళు విరుచుకున్నాడు. కొడుకు కళ్ళు తుడుచుకుని నేల మీద, వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"యుద్ధంలో ఓడలన్నిటికీ బూడిదరంగే పుయ్యమన్నారు," అని మెల్లగా మొదలుపెట్టాడు తమ్ముడు. "నెలల తరబడి అదే రంగు. మొహం, జుట్టు, చేతులు, అన్నీ అదే. ఒకరోజు బావ అద్దంలో చూసుకుని, 'ఒరేయ్, నేను ఇలాగే ఇంటికెళ్తే మీ అక్క నన్ను గుర్తుపట్టదు. ప్రహరీ గోడనుకుని నా మీద దుప్పట్లు ఆరేస్తుంది' అన్నాడు."

అక్క తన కుర్చీని వాళ్ళ దగ్గరికి లాక్కుంది.

"తర్వాత?" అంది.